నారమ్మ పొయ్యి వాటా

పొగ ఎక్కడిదో తెలుసుకోవడానికి ఇంకా ముక్కు వాడే అనాగరికులు మన జహీరాబాద్‌లో ఉన్నారు. సిగ్గుచేటు! ఆ పని ఇప్పుడు కంప్యూటర్ చేస్తోంది. మోడలింగ్ అంటారు. ఏ పొగ ఎవరిదో వాటాలు వేసి చెబుతుంది. అన్నదమ్ములు పొలం కూడా ఇంత శుభ్రంగా పంచుకోరు.

ఒకప్పుడు మనం ఏం చేసేవాళ్లం? లారీ వెనక నల్లటి పొగ చూసి అది లారీదే అనుకునేవాళ్లం. చెత్తకుప్ప కాలుతుంటే చెత్త కంపే అనుకునేవాళ్లం. ఎంత తొందరపాటు!

మొన్న ఫంక్షన్ హాల్లో ఊరి గాలి మీద మీటింగ్ పెట్టారు. హైదరాబాద్ నుంచి వచ్చిన కన్సల్టెంట్ అఖిలేష్ తెర మీద వాటాలు చూపించాడు. రంగురంగుల ముక్కలు. కేకు కోసినట్టే ఉంది.

లారీల సంఘం ప్రేమ్‌సాగర్ లేచాడు.

"మా బండ్లు ఈడ ఆగుతయా సారూ? గట్ల వచ్చి గిట్ల పోతయి. పొగ సుత బొంబాయికే పోతది!"

న్యాయమే కదా? లారీల ముక్క సన్నబడింది.

చెరకు రైతుల తరఫున జగన్‌మోహన్ లేచాడు. "ఆకు ఏడాదికొక్కపారి కాలుస్తం. గదానికి గింత వాటానా?"

చెరకు ముక్కా చిక్కిపోయింది. ఫ్యాక్టరీ చిమ్నీల ముక్క కోసం సూటు వేసుకున్నాయన లేవలేదు. అఖిలేష్ చెవిలో ఏదో చెప్పాడంతే, ఆ ముక్కా కరిగిపోయింది.

మొత్తం మాత్రం నూరు శాతమే ఉండాలట. అది సైన్సు! తగ్గినదంతా, ఎవరూ నోరెత్తని ముక్కలోకి చేరింది. ఇళ్లలోని కట్టెల పొయ్యిలు. తెర మీది మ్యాపులో హైవే పక్క మా గల్లీ ఎర్రగా మండిపోతోంది. అందులో ఒక చుక్క మా ఇల్లు.

నేను లేచాను. "జర ఆగు బిడ్డా. గా పొయ్యి నా భార్య నారమ్మది. జొన్నరొట్టెలకు అంటువెట్టేది. దగ్గి దగ్గి పోయింది. ఏండ్లయితున్నది. నేను మెస్సుల తింట."

"పాత సర్వే డేటా అంకుల్. ఇప్పుడు తీసేస్తే ఆ వాటా ఇంకెవరికైనా వెయ్యాలి."

హాలంతా నా వైపు తిరిగింది. అంత ప్రేమగా నన్ను ఈ ఊరు ఎన్నడూ చూడలేదు.

"ఉండనియ్యి కాకా," అన్నాడు ప్రేమ్‌సాగర్. "చిన్నమ్మ ఏమన్న అనుకుంటదా?"

అనుకోదు. అందుకే ఆమె పేరు మీద వేశారు.

అప్పట్లో దవాఖానలో ఆమె ఊపిరితిత్తుల ఎక్స్‌రే పట్టుకుని, ఈ పొగంతా ఎవరిదని అడిగాను. డాక్టరు తెలియదన్నాడు. పాపం, ఆయన దగ్గర మోడల్ లేదు. ఇప్పుడు తేలింది. ఆమెదేనట!

ఊరి గాలి బాగుపడాలంటే ముందు ఆ పొయ్యిలే ఆర్పాలని తీర్మానించారు. చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. మా పొయ్యిలో ఇప్పుడు పిల్లి పడుకుంటోంది. అయినా ఆర్పడానికి నేను సిద్ధం.

ముందు దాన్ని వెలిగించే మనిషిని తెచ్చివ్వండి.