రలిత్సా తల ఊపింది

ఆ బుధవారం పొద్దున రలిత్సా వేసుకున్న పథకం చాలా చిన్నది. మిత్కా కొట్టుకు వెళ్ళాలి, రొట్టెల పిండిలోకి రెండు పొట్లాల ఈస్టు తీసుకోవాలి, ఎవరితోనూ ఒక్క మాటైనా మాట్లాడకుండా ఇంటికి వచ్చేయాలి. మొదటి రెండు పనులూ ఎవరైనా చేస్తారు. మూడోదే కష్టం. కామెన్ దోల్‌లో ప్రతి ఇంటి ముందూ ఒక బల్ల, ప్రతి బల్ల మీదా ఒక ముసలమ్మ, ప్రతి ముసలమ్మ దగ్గరా కనీసం నాలుగు ప్రశ్నలు ఉంటాయి. పదహారేళ్ళ రలిత్సాకు మనుషులంటే ఇష్టమే, మాట్లాడటమంటేనే భయం. ఎవరైనా పలకరిస్తే ఆమెకు మంచి జవాబే తట్టేది. కాకపోతే ఇంటికి చేరి గడియ పెట్టుకున్నాక తట్టేది.

అందుకే ఆమెకు తన పాటల డబ్బా అంటే ప్రాణం. ప్లోవ్‌దివ్‌లో చదువుకుంటున్న పెద్దనాన్న కొడుకు కొత్తది కొనుక్కుని పాతది ఈమెకిచ్చాడు. అగ్గిపెట్టెంత నీలం రంగు ప్లేయరు. దానిలో పట్టేవి ముప్ఫై ఒక్క పాటలు. కొత్త పాట ఒకటి కావాలంటే బస్సెక్కి ప్లోవ్‌దివ్ వెళ్ళి, అన్నయ్య కంప్యూటరు ముందు కూర్చుని, ఉన్నవాటిలో దేన్ని తీసెయ్యాలో తేల్చుకోవాలి. అన్నయ్య విసుక్కునేవాడు. ఆమె మాత్రం తీసెయ్యబోయే పాటను చివరిసారి మొదటి నుంచి చివరి దాకా విని కానీ బటన్ నొక్కేది కాదు. వేల పాటలు జేబులో వేసుకు తిరిగే ఈ రోజుల్లో ఆ బాధ ఎవరికీ లేదు. మిగిలిన పాటల మీద రోజురోజుకీ పెరిగే ఆ ప్రేమా లేదు.

దాని నష్టాలన్నీ నాయనమ్మ దోన్కాకు కంఠతా వచ్చు. చెవుల్లో పెట్టుకునే తీగలు ఎప్పుడూ చిక్కుపడి ఉంటాయి. బ్యాటరీ సరిగ్గా మంచి పాట మధ్యలోనే ఆగిపోతుంది. అన్నిటికన్నా ముఖ్యంగా, పిల్ల పక్కనే ఉన్నా ఊళ్ళో లేనట్టే.

"నిన్ను పిలవడం కన్నా మేకను పిలవడం నయమే" అనేది దోన్కా. "అది కనీసం తిరిగి చూస్తుంది."

లాభం ఒక్కటే. అది రలిత్సాకు మాత్రమే తెలుసు. చెవుల్లో తీగలు కనబడితే జనం పలకరించరు. పలకరించినా జవాబు కోసం ఎదురుచూడరు. ఆ బుధవారం దాకా ఆమె అలాగే అనుకుంది.

కొట్టు ముందు బల్ల మీద మేయరు పెన్‌చో కూర్చుని ఉన్నాడు. రలిత్సా చెవుల్లో క్లారినెట్ ఏడు దెబ్బల తాళంలో పరుగెడుతోంది. ఆ తాళం వింటూ తల కదపకుండా ఉండటం ఆ ఊరివాళ్ళెవరికీ సాధ్యం కాదు. మేయరు మూతి కదిలింది. రలిత్సా మర్యాదగా నవ్వింది. తల మాత్రం పాటతోపాటు ఈ భుజం నుంచి ఆ భుజానికి, ఆ భుజం నుంచి ఈ భుజానికి ఊగింది.

ఆమెకు వినపడని మాటలు ఇవి: "అమ్మాయ్, వూతా గోడకి సున్నం వేస్తూ స్టూలు మీంచి పడి చెయ్యి విరగ్గొట్టుకుంది. రేపు పండగ చారు ఎవరు వండాలో తెలీక చస్తున్నాం. మీ నాయనమ్మ తెడ్డు పడుతుందంటావా?"

తల నిలువుగా ఊగి ఉంటే ఏ గొడవా ఉండేది కాదు. ఆ దేశంలో నిలువుగా ఊపితే కాదని, అడ్డంగా ఊపితే ఔనని. ఉయ్యాలలోని పిల్లలకు కూడా ఆ సంగతి తెలుసు.

మేయరు లేచి నిలబడి టోపీ తీశాడు. అది అంత పెద్ద విషయమే మరి. గెర్గ్యోవ్ పండుగనాడు ఊరంతటికీ గొర్రెపిల్ల మాంసంతో చారు కాచే హక్కు ఒకప్పుడు దోన్కాది. తొమ్మిదేళ్ళ కిందట ఎవరు వేశారో కానీ, గుండిగలో ఉప్పు రెండుసార్లు పడింది. ఊరంతా మధ్యాహ్నమంతా నీళ్ళ కుళాయి చుట్టూ చేరి నవ్వుకుంది. ఆ సాయంత్రం దోన్కా తెడ్డును వూతా ఇంటి గుమ్మానికి ఆనించి వచ్చి, ఇక జన్మలో ముట్టనని ఒట్టు పెట్టుకుంది. అప్పటి నుంచి ఆమె ముందు ఎవరూ చారు మాటెత్తలేదు. మేయరు కూడా ఆమెను అడిగే ధైర్యం లేకే మనవరాలిని అడిగాడు.

రలిత్సా ఇదేమీ ఎరగక కొట్టులోకి వెళ్ళింది. మేయరు కిటికీలోంచి కేకేసి చెప్పిన వార్తతో మిత్కా మొహం వెలిగిపోతోంది.

"నాలుగు గొర్రెపిల్లలు తెప్పించాం. మీ నాయనమ్మకి ఇంకా ఏమన్నా కావాలా?" అంది మిత్కా.

ఏం కావాలని అడుగుతోందనుకుని రలిత్సా రెండు వేళ్ళు చూపించి, ఆ తర్వాత ఈస్టు పొట్లాలున్న అర వైపు చూపించింది. మిత్కా పొట్లాలు ఇచ్చింది. వేళ్ళను మాత్రం వేరే లెక్కలో వేసుకుంది.

"పెన్‌చో, ఇంకో రెండు కావాలట, మొత్తం ఆరు" అని కిటికీలోంచి అరిచింది.

"ఆరా? మనమొక్కళ్ళం తినలేం. కింది ఊరివాళ్ళని కూడా పిలుద్దాం. దోన్కా పిన్ని మళ్ళీ తెడ్డు పట్టిందంటే వాళ్ళు చెప్పులేసుకోకుండా వస్తారు."

రలిత్సా ఎవరితోనూ మాట్లాడకుండా ఇల్లు చేరింది. పథకం పూర్తిగా నెగ్గిందని సంతోషంగా పిండి కలపడానికి కూర్చుంది.

అరగంట తర్వాత గేటు బయట బండి ఆగింది. చెవుల్లో తీగలు తీసేసి ఉండటం వల్ల ఈసారి ఆమెకు అంతా వినపడింది. బండి తోలే స్తామెన్, ఇంకో ఇద్దరూ కలిసి మనిషి కూర్చునేంత రాగి గుండిగను దించి వాకిట్లోకి దొర్లిస్తున్నారు. దోన్కా కోళ్ళకు గింజలు చల్లుతున్నదల్లా చెయ్యి అలాగే ఉంచేసింది.

"ఇదేంటిరా స్తామెన్?"

"గుండిగ, పిన్నీ."

"గుండిగని నాకూ తెలుసు. నా వాకిట్లో ఏం చేస్తోందని."

"రేపు నువ్వేగా వండేది. నీ మనవరాలే మాటిచ్చింది. మేయరు గారడిగితే అడ్డంగా ఊపింది తల. ఒక్కసారి కూడా కాదు, ఆపకుండా ఊపిందంట. ఇంకో రెండు గొర్రెపిల్లలు కావాలని మిత్కాకి వేళ్ళు కూడా చూపించిందంట."

దోన్కా గుండిగ వైపు చూసింది. మనవరాలి వైపు చూసింది. చేతిలోని గింజలన్నీ ఒకేసారి కింద పోసి, లోపలికి వెళ్ళి తలుపు గడియ వేసుకుంది.

ఆ గడియ చప్పుడు రలిత్సా గుండెల్లో పడింది. తొమ్మిదేళ్ళుగా మానుతున్న గాయాన్ని ఊరందరి ముందూ కెలికేసింది తనే. నాయనమ్మ వండకపోతే మాట తప్పిందంటారు. వండితే, చెంచా నోట్లో పెట్టకముందే ఉప్పు మాటెత్తుతారు. ఆ నవ్వు మళ్ళీ నాయనమ్మ చెవిన పడకముందే దీన్ని ఆపాలి. పిండి చేతులతోనే మేయరు ఆఫీసుకు పరుగెత్తింది.

అక్కడ మేయరు ఫోనులో కింది ఊరి మేయరుతో మాట్లాడుతున్నాడు. "మీ వాయిద్యం వాళ్ళని కూడా తీసుకురండి" అంటున్నాడు. ఆయన ఫోను పెట్టేదాకా ఆగడం తప్ప రలిత్సాకు దారి లేదు. ఈలోగా మైకు దగ్గర కూర్చున్న గిన్కా ఆమెను చూసింది. ఊళ్ళో స్తంభాలకు కట్టిన లౌడుస్పీకర్లన్నిటికీ మాట అందించేది ఆ మైకే. రొట్టెల బండి వచ్చినా, మేకలకు సూదులు వేసినా, ఎవరైనా పోయినా గిన్కా గొంతే ఊరికి చెప్పాలి. ఆమె పదకొండేళ్ళు జర్మనీలో ముసలివాళ్ళకు సేవ చేసి ఈ శీతాకాలంలోనే తిరిగొచ్చింది. సామానంతా తెచ్చుకుంది కానీ తల ఇంకా అక్కడి తీరులోనే ఊగేది, నిలువుగా ఔనని, అడ్డంగా కాదని.

"నువ్వేనా దోన్కా మనవరాలివి? మంచి పని చేశావే. మీ నాయనమ్మ పేరు మైకులో చెప్పెయ్యనా?"

రలిత్సా నోరు తెరిచింది. గదిలో నలుగురున్నారు. నోరు మూసుకుంది. నోటితో కాని పనిని ఎప్పటిలాగే తలకు అప్పగించింది. పైకీ కిందికీ, పైకీ కిందికీ, జుట్టు ఊడిపోయేలా ఊపింది.

"అంత ఇదిగా చెప్పమంటే చెప్పకుండా ఉంటానా" అంటూ గిన్కా స్విచ్చి వేసింది.

"కామెన్ దోల్ ప్రజలకు మనవి. రేపటి పండుగ చారు తొమ్మిదేళ్ళ తర్వాత మళ్ళీ మన దోన్కా చేతి మీదుగా. గొర్రెపిల్లలు ఆరు. కింది ఊరివాళ్ళు కూడా వస్తున్నారు కాబట్టి గిన్నెలు, చెంచాలు ఎవరివి వాళ్ళే తెచ్చుకోవాలి."

ఆ మాటలు కిటికీ బయట స్తంభం మీంచి ఒకసారి, చర్చి పక్క స్తంభం మీంచి ఇంకోసారి, చివరికి తమ వీధి స్తంభం మీంచి సన్నగా మరోసారి రలిత్సాకు వినబడ్డాయి. మూడోసారి వినబడేసరికి తను ఏం చేస్తోందో ఆమెకే తెలియలేదు. గిన్కా చేతిలోంచి మైకు లాక్కుంది.

"నేను... రలిత్సాని. దోన్కా మనవరాల్ని. మా నాయనమ్మ వండుతాననలేదు. నేను పాట వింటూ తల ఊపాను. మేయరు గారు ఏమడిగారో నాకు వినపడనే లేదు. గొర్రెపిల్లల గురించి కూడా నేనేం చెప్పలేదు, ఈస్టు అడిగాను. నాయనమ్మకి ఇష్టం లేదు, తలుపేసుకుంది. ఆవిణ్ణెవరూ ఏమీ అనొద్దు. తప్పు నాది. గుండిగ తీసుకెళ్ళిపోండి."

ఒక ఏడాదిలో ఆమె మాట్లాడే మాటలన్నీ కలిపినా అన్ని ఉండవు. మేయరు చేతిలో ఫోను అలాగే ఉంది. అందులోంచి కింది ఊరి మేయరు "ఏమంటోంది, రమ్మంటోందా, వద్దంటోందా" అని అడుగుతున్నాడు.

రలిత్సా మెల్లగా ఇంటికి నడిచింది. అవమానం తన మీదికి మళ్ళింది కాబట్టి నాయనమ్మ గడియ తీస్తుందని ఆశ. గడియ తీసే ఉంది. దోన్కా వాకిట్లో నిలబడి ఉంది. గుండిగ ఒక చెవి స్తామెన్ చేతిలో, రెండో చెవి ఆమె చేతిలో ఉన్నాయి.

"వదలరా."

"నీ మనవరాలే తీసుకెళ్ళమంది కదా, పిన్నీ. మైకులో ఊరంతా విన్నది."

"అదెవరు చెప్పడానికి? నేను చెప్పానా?"

"పొద్దున వండుతావని చెప్పిందీ అదే."

"అప్పుడు సరిగ్గానే చెప్పింది."

స్తామెన్ గుండిగ వదిలేశాడు. దోన్కా మనవరాలి వైపు తిరిగింది. ఒంటి మీద రలిత్సా ఎప్పుడూ చూడని ఏప్రన్ ఉంది, మడతలు మడతలుగా, నాఫ్తలీన్ వాసనతో. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. వెనక బల్ల మీద గంపెడు ఉల్లిపాయలు తరిగి ఉన్నాయి కాబట్టి ఆ కళ్ళ గురించి ఎవరూ అడగలేదు.

"తలుపేసుకుంటే కోపమనుకున్నావుటే? పెట్టె అడుగున ఉన్న ఏప్రన్ కోసం పెట్టంతా తిరగేశాను. అందరి ముందూ తిరగెయ్యమంటావా?"

"ముట్టనని ఒట్టు పెట్టుకున్నావు కదా, నాయనమ్మా."

"పెట్టుకున్నాను. మర్నాడే ఎవరో ఒకళ్ళొచ్చి బతిమాలతారు, తీసి గట్టు మీద పెట్టెయ్యొచ్చనుకున్నాను. తొమ్మిదేళ్ళయింది. ఒక్కళ్ళు, ఒక్కళ్ళొచ్చి అడిగితే ఒట్టు." ఏప్రన్ ముడి బిగించుకుని, "ఆ మైకులో నా పేరు బాగానే చెప్పింది ఆ జర్మనీ పిల్ల. నువ్వు అడ్డం రాకుండా ఉంటే ఇంకోసారి చెప్పేదేమో" అంది.

ఆ సంగతి మేయరుకు చెప్పడానికి రలిత్సా మళ్ళీ పరుగెత్తింది. ఈసారి గిన్కా ఆమెను కుర్చీలో కూర్చోబెట్టి, గడ్డం కదలకుండా పట్టుకుని, "నోటితో చెప్పు" అంది. రలిత్సా నోటితోనే చెప్పింది. ఊరు మూడో ప్రకటన కూడా విని, ఆ కుటుంబంలో ఏదో తేడా ఉందనుకుని, గిన్నెలు కడుక్కోవడం మొదలుపెట్టింది.

మర్నాడు తెల్లవారగానే చర్చి ఆవరణలో గుండిగ కింద మంట లేచింది. మంట కన్నా ముందే సలహాలు వచ్చాయి. కట్టు కట్టిన చేతిని ఒళ్ళో పెట్టుకుని వూతా పక్కనే కుర్చీ వేసుకుంది.

"బియ్యం ఇప్పుడే వెయ్యకు, దోన్కా. పుదీనా చివర్లో. ఉప్పు సంగతి... నేను వేరే చెప్పక్కర్లేదనుకో."

ఆమె వెనక ఇంకో పదిమంది ముసలమ్మలు వరస కట్టి ఉన్నారు. దోన్కా వాళ్ళందరినీ ఒకసారి లెక్కపెట్టి, రలిత్సా వైపు చెయ్యి చాపింది.

"ఆ డబ్బా ఇటు తే."

రలిత్సా తీగల చిక్కు విప్పి, రుమాలు కింద నుంచి నాయనమ్మ చెవుల్లో పెట్టి, మీట నొక్కింది. దోన్కా ఉలిక్కిపడింది. తర్వాత నెమ్మదిగా ఆమె మొహం మారింది.

"ఇది నా పెళ్ళినాడు వాయించిందే" అని, చెవిటివాళ్ళు మాట్లాడినట్టు ఆవరణంతా వినపడేలా అంది. "వీళ్ళకి తొందరెక్కువ. మావాళ్ళు ఇంకొంచెం ఆగి వాయించారు. మీ తాతయ్యకి అడుగు పడేది కాదు కదా, ఆయన కోసం ఆగేవాళ్ళు."

తెడ్డు ఏడు దెబ్బల తాళంలో తిరగడం మొదలుపెట్టింది. తలా ఊగింది, అడ్డంగా. బియ్యం గురించి చెప్పినావిడ, మిరియాల గురించి చెప్పినావిడ, మంట తగ్గించమన్నావిడ, అందరూ తమ మాటకు దోన్కా సరేనన్నదని సంతృప్తిగా వెళ్ళి కూర్చున్నారు. వూతా కూడా "తొమ్మిదేళ్ళలో చాలా నేర్చుకుందిలే" అంది.

మధ్యాహ్నానికి రెండు ఊళ్ళూ తిన్నాయి. కింది ఊరివాళ్ళు రెండోసారి వరసలో నిలబడ్డారు. కుళాయి దగ్గర ఒక్కడూ లేడు. గుండిగ అడుగు కనబడ్డా దోన్కా చెవుల్లోంచి తీగలు తియ్యలేదు. మేయరు పెన్‌చో మూతి తుడుచుకుంటూ వచ్చి, ఆమె ముందు రెండుసార్లు దగ్గి, లాభం లేక మనవరాలి దగ్గరికి వచ్చాడు.

"వచ్చే ఏడు కూడా మీ నాయనమ్మే కదమ్మా?"

రలిత్సా మెడ బిగబట్టుకుని, తల అటూ ఇటూ కదలకుండా చూసుకుంటూ, "కనుక్కుని చెప్తానండి" అంది.