నత్తి నాటకం

సోమవారం పొద్దున ప్రార్థన కాగానే ఎనిమిదో తరగతి రిదా హెడ్మాస్టరమ్మ మమతారాణి గది ముందు నిలబడింది. పదో తరగతి అరుణ్‌కుమార్ తన నత్తిని వెక్కిరిస్తున్నాడు, మానిపించండి అని చెప్పాలి. ఆ ఒక్క మాటను ఇంట్లో అద్దం ముందు సాధన చేసుకొని మరీ వచ్చింది.

మమతారాణి ఓపికగా చివరిదాకా విన్నది. మంచి మనిషే. పైగా, వేధింపులు తగ్గాలంటే ఒక్కరిని మందలిస్తే చాలదు, బడి మొత్తం మారాలని ఈమధ్యే శిక్షణలో విని వచ్చింది.

"ఫికర్ చెయ్యకు బిడ్డా. వాన్నొక్కన్ని కొడ్తె ఏమొస్తది? అందరికి సమజ్ గావాలె. నాటకం ఏద్దాం. శుక్రవారం తనిఖీకి పెద్దసారు వస్తుండు, ఆయన ముందటనే!"

"నా... నాటకంల నే... నేనెందుకు మేడం?"

"నీ అంత మంచిగ ఇంకెవలు చేస్తరు?"

వెక్కిరించేవాడి వేషం అరుణ్‌కుమార్‌కే ఇచ్చారు. అనుభవం ఉన్నవాడు కదా. రిహార్సల్లో తెలుగు సారు గోపాల్ పెదవి విరిచాడు. "గట్ల కాదురా, ఎనక కూసున్నోళ్లకు ఇనవడాలె. జర సాగదియ్యి." వాడు సాగదీశాడు. బడి మొత్తం పాల్గొనాలి కనుక మిగతా పిల్లలందరినీ వెక్కిరించే కోరస్‌లో నిలబెట్టారు. అంతవరకు అరుణ్‌కుమార్ ఒక్కడికే వచ్చిన నత్తి, గురువారానికి బడంతటికీ పట్టుబడింది. మధ్యాహ్న భోజనం వండే ఆనందమ్మ కూడా ముద్దుగా, "రి... రిదా, ప... పప్పు ఎయ్యాల్నా?" అని అడిగింది. రిదా పళ్లెం అక్కడే పెట్టి వెళ్లిపోయింది.

శుక్రవారం పెద్దసారు వచ్చారు. ఆఖరి దృశ్యంలో రిదా ముందుకొచ్చి "నన్ను వెక్కిరించకండి" అనాలి.

"న... న... నన్ను..." తర్వాతి మాట రాలేదు.

పెద్దసారు చప్పట్లు కొట్టారు. "అబ్బ, ఎంత సహజంగ చేస్తున్నవమ్మా! ఇంకొక్కసారి!"

"సా... సార్, గిది యా... యాక్టింగ్ గాదు."

ఆయన పడీపడీ నవ్వారు. ఆయన నవ్వితే టీచర్లు, టీచర్లు నవ్వితే పిల్లలు. నవ్వనివాడు అరుణ్‌కుమార్ ఒక్కడే. తల దించుకొని, "సారీ రిదా" అన్నాడు మెల్లగా. అది నాటకంలో లేని మాట కావడంతో గోపాల్ సారు పక్కనుంచి కళ్లెర్రజేశాడు.

ఉత్తమ నటి కప్పు రిదాకు వచ్చింది. మర్నాడు తండ్రి ఫజలుద్దీన్ దాన్ని తెచ్చి హెడ్మాస్టరమ్మ బల్ల మీద పెట్టాడు.

"గీ కప్పు మీరే ఉంచుకోండ్రి మేడం. టీసీ ఇయ్యుండ్రి. నా బిడ్డ ఇంట్ల గూడ నోరు తెరుస్తలేదు."

"నేను మంచికే చేసిన గద భాయ్!" మమతారాణి కళ్లలో నిజంగానే నీళ్లు తిరిగాయి.

ఇంతలో ఆ నాటకాన్ని రాష్ట్రంలోని మిగతా బడులన్నింట్లో కూడా వేయాలని పైనుంచి ఉత్తర్వు వచ్చింది.

రిదాను కరీంనగర్‌లో మేనత్త ఇంట్లో ఉంచి అక్కడి బడిలో చేర్చారు. మొదటిరోజు క్లాసు టీచర్ ఆమెను లేపి ప్రేమగా అడిగింది.

"నీ పేరేంది బిడ్డా?"

"రి... రి... రిదా."

టీచర్ ముఖం వెలిగిపోయింది.