రిఫరీ గారి మరణము, దాని దిద్దుబాటు

సూర్యభగవానుడు పగటి పనిని అరకొరగా ముగించి, మిగిలినది రేపు చూతమని మేడల వెనుకకు ఒరుగుచున్న వేళ. టీ కప్పుల అడుగున చక్కెర ఎండి అట్టకట్టిన వేళ. పేజీలు ఇంకను రాలేదని అచ్చుయంత్రములు కింది అంతస్తున గుర్రుపెట్టుచున్న వేళ. ఒకానొక నగరమున, ఒకానొక ఆంగ్ల దినపత్రిక కార్యాలయమున, పంకా తిరిగినను గాలి తగలని ఒక గదిలో, లోకము ఎరుగని మహాసంగ్రామము చెలరేగెను. వినువారు చెవులు నిక్కింతురు గాక. చదువువారు కళ్ళజోడు తుడుచుకొందురు గాక.

యుద్ధకారణము తొలుత చెప్పెదను. ముందటి దినము ఆ పత్రికలో ఒక మాజీ ఫుట్‌బాల్ రిఫరీ కన్నుమూసినట్లు వార్త వచ్చెను. రిఫరీ పోయిన మాట నిజమే. కాని పోయినది ఒకరు, అచ్చైన ఫొటో మరొకరిది. ఇద్దరి పేరును ఒక్కటే యగుటచే, బతికియున్న వాని ముఖమును, బతికియున్న వాని ఆటల చరిత్రయు ఆ వార్తలో పుష్కలముగా వడ్డింపబడినవి. ఆ ఫొటోను ఏరి యిచ్చిన హస్తము ఎవరిదో ఆ గదిలో అందరికిని తెలియును, ఎవరును అనరు.

అది డెస్కు అధిపతి దక్షిణహస్తము. శీర్షికాసంహారకుడు, కామావిదారణుడు, విలేకరిజనభయంకరుడు ఆ మహానుభావుడు. ఆయన మాట తరువాత ఇంక మాట యుండదు గనుక చాటున అందరును ఆయనను ‘ఫుల్‌స్టాపు గారు’ అందురు. తాను ఆ కుర్చీ ఎక్కిన నాటినుండి పత్రిక ఒక్క తప్పును ఒప్పుకొనలేదనుట ఆయన ధరించిన కిరీటము.

అట్టివాని యెదుటికి మృతుడు నడచి వచ్చెను. పొట్టి మనిషి, పిక్కలు మాత్రము ఇప్పటికిని ఇనుపగుండ్లు. వెంట ఆయన భార్య. కుట్టుపని చేయు ఆ ఇల్లాలు మెడలోని టేపు తీయుట మరచియే బయలుదేరినది.

“కూర్చోండి,” అనెను అధిపతి. “ఫొటోలో కంటే కాస్త చిక్కారు.”

“చిక్కరూ మరి. నిన్నటి నుంచి ముద్ద దిగితేగా,” అనెను భార్య. “తినబోయేసరికి ఎవరో ఒకరు ఫోన్ చేసి ఈయన మంచితనం తలుచుకుని ఏడుస్తారు. ఈయనేమో స్పీకర్ పెట్టమంటారు.”

రిఫరీ ఆ మాట విననట్లు దగ్గెను.

“రేపు ఫైనల్. ఏటా నేనే పర్యవేక్షకుణ్ణి. మా ఫుట్‌బాల్ సంఘం సెక్రటరీకి ఫోన్ చేశాను. ‘మీరు బతికే ఉన్నారని నాకు తెలుస్తూనే ఉంది సార్, గొంతు మీదే. కానీ కమిటీ సంతాప తీర్మానం చేసేసింది. మీ చోట్లో ఇంకొకర్ని వేసేసింది. పేపర్లో కరెక్షన్ వస్తే తెచ్చి చూపించండి’ అన్నాడు. ఆ ఒక్క మాట వేయండి, వెళ్ళిపోతాం.”

కరెక్షన్. ఆ పదము చెవిన సోకినంతనే అధిపతి కనుబొమలు రెండును కోడెదూడలవలె ఒకదానినొకటి పొడుచుకొన బోయినవి.

“కరెక్షన్ అంటే తప్పు జరిగిందని అర్థం వస్తుందండీ.”

“జరగలేదా?”

“జరిగిందా లేదా అన్నది వేరే సంగతి. అర్థం రాకూడదు.”

ఇట్లు పలికి, ఆ శబ్దశస్త్రధారి తన తూణీరమున చేయి పెట్టి మొదటి బాణమును తీసెను.

“అప్‌డేట్ అని వేద్దాం. అందరికీ అలవాటైన మాట.”

“అప్‌డేట్ అంటే తాజా కబురేగా,” అనెను భార్య. “నిన్న పోయారు, ఇవాళ లేచారు అని. రేపు తెల్లారేసరికి మా గుమ్మం ముందు దణ్ణాలు పెట్టేవాళ్ళు వరస కడతారు.”

“అయితే రివైజ్.”

అంతదాక తల వంచి పేజీ పని చూచుకొనుచుండిన ఉపసంపాదకురాలు తల యెత్తెను. పురాతన గ్రంథముల పరిష్కరణమున పట్టము పొంది, పొట్టకూటికై ఈ డెస్కున చేరి, చింపిరి వార్తలకు దినదినము తల దువ్వుచుండు విదుషీమణి ఆమె.

“సార్, రివైజ్ అంటే మళ్ళీ ఒకసారి చూసి మెరుగుపెట్టడం. సిలబస్ రివైజ్ చేస్తారు, బస్ చార్జీలు రివైజ్ చేస్తారు. చావుకి మెరుగు పెట్టామంటే బాగుండదు.”

“మోడిఫై?”

“కొంచెం మార్చి, మిగతాది ఉంచేయడం.”

“ఏది ఉంచుతారు?” అనెను రిఫరీ. “నడుం దాకా పోయానా?”

మూడు బాణములును నేలకూలెను. అయినను అధిపతి వెనుదిరుగలేదు. వెనుదిరుగుటకు వెనుక గోడ యుండెను.

“పోనీ, ఆల్టర్.”

భార్య మెడలోని టేపును తడిమికొనెను. “అది నా మాటండీ. రోజూ చేసే పని. గుడ్డ మంచిదే, ఒంటికి పట్టలేదు. బిగుతైతే వదులు చేస్తాను, పొడుగైతే మడత వేస్తాను. ఈయన చావు మంచిదే గానీ కాస్త పొడుగైందంటారా?”

“అమెండ్,” అని గర్జించెను అధిపతి. “రాజ్యాంగాలకి వాడే మాట. మీ ఆయనకి అంతకంటే గౌరవం ఏం కావాలి?”

“చట్టం మార్చిన రోజు నుంచే మారుతుంది సార్,” అనెను ఉపసంపాదకురాలు. “అంతకు ముందుది చెల్లినట్టే. అంటే నిన్న ఈయన పోవడం చెల్లుతుంది.”

“అలాగైతే నిన్న రాత్రి నా పక్కన గుర్రుపెట్టింది ఎవరు?” అని భార్య అడిగెను.

అప్పుడు అధిపతి పదములను విడిచి మనిషిపై బడెను.

“మీరూ తీర్పులిచ్చిన మనిషేగా. గ్రౌండులో ఎప్పుడైనా తీర్పు మార్చుకున్నారా? రిఫరీ మాట మారిస్తే ఆటకి విలువుంటుందా? పత్రికైనా అంతే.”

రిఫరీ నుదుటి మీది పాత మచ్చను తడిమెను. పిదప మెల్లగా పలికెను.

“మార్చుకున్నాను. ఒక సెమీఫైనల్లో గోల్ ఇచ్చేశాను. జనం గ్రౌండులోకి దూకి గంతులేస్తున్నారు. తిరిగి చూస్తే లైన్స్‌మన్ జెండా పైకే ఉంది. ఆఫ్‌సైడ్. నేను చూళ్ళేదు. గోల్ వెనక్కి తీసుకున్నాను. సీసాలు విసిరారు, ఇదిగో ఇక్కడ కుట్లు పడ్డాయి. కట్టు కట్టించుకుని వచ్చి ఆట మళ్ళీ మొదలుపెట్టాను. ఆట ఆగలేదు. మీరేమో ఇందాకట్నుంచీ ఆపే ఉంచారు.”

అంతలో ఫోను మ్రోగెను. కింది నుండి అచ్చు ఫోర్‌మన్. “పేజీ ఇస్తారా, ఇవ్వరా? మావాళ్ళు చేతులు కట్టుకుని కూర్చున్నారు.”

కాలము మీరినది. శత్రువులు చుట్టుముట్టిరి. అపుడు ఆ వీరుడు, ఇన్నాళ్ళును ఎవరికిని చూపక దాచుకొనిన బ్రహ్మాస్త్రమును, నిఘంటువు వెనుక పుటల దుమ్ము దులిపి, కన్నులు మూసి, ఎక్కుపెట్టెను.

“ఎమెండ్. ‘అ’ కాదు, ‘ఎ’. చదివేవాడు డిక్షనరీ వెతుక్కోవాలి. వెతుక్కునేలోపు పేజీ తిప్పేస్తాడు.”

ఆ అస్త్రమునకు దంపతుల యొద్ద విరుగుడు లేదు. ఉపసంపాదకురాలు మాత్రము కలము పక్కన పెట్టి, చేతులు కట్టుకొని, వినయమునకు విగ్రహమువలె నిలిచెను.

“చాలా సరైన మాట సార్. పాత ప్రతిలో దొర్లిన దోషాన్ని పండితుడు సరిచేస్తే దాన్ని ఎమెండ్ చేయడమనే అంటారు. నేను చదువుకున్నదే అది. కాకపోతే ఒక పద్ధతుంది. సరిచేసిన పండితుడి పేరు పక్కనే వేస్తారు. ముందున్న తప్పు పాఠం ఎక్కణ్ణించి వచ్చిందో కింద చూపిస్తారు.”

“అంటే?”

“ఎమెండ్ చేసినది మీరు. ఫొటో ఎంపిక కూడా మీరే. రెండు చోట్లా మీ పేరు టైప్ చేసేస్తాను.”

తాను విసరిన చక్రము తన కుత్తుకకే తిరిగివచ్చుట చూచిన యోధునివలె అధిపతి కుర్చీలో వెనుకకు వ్రాలెను. నుదుట చెమట పోసెను. కిరీటము ఒక చెవిపైకి జారెను. ఆయన గొంతు తగ్గించి అడిగెను.

“కరెక్షన్‌కి పేరు వేయాలా?”

“అక్కర్లేదు సార్. కరెక్షన్ ఎవరిదీ కాదు.”

“అయితే కరెక్షన్ వేసెయ్యండి. చిన్న అక్షరాల్లో. వాతావరణం కింద.”

ఇట్లు ధైర్యము చేయజాలని కార్యమును పిరికితనము చేసెను. భార్య సంచి భుజమున వేసికొనెను. కాని రిఫరీ లేవలేదు.

“ఇంకొక్క సంగతి. పోయినాయన గురించి మీరు ఇంతసేపట్లో ఒక్క ముక్క అనలేదు. నాకంటే ముందు విజిల్ పట్టినాయన. వాళ్ళింట్లో నిన్న పేపరు విప్పి నా మొహం చూసుకున్నారు. ఆయన ఫొటో వేయండి.”

“జాగా లేదండీ.”

ఉపసంపాదకురాలు తెరపై పేజీని చూచెను. దాని మూలన, దినదినమును తప్పక వెలువడు పత్రిక సొంత ప్రకటన యొకటి కలదు: ‘నిజానికి మా పేరే హామీ.’ ఆమె దానిని ఎత్తి పక్కన పెట్టి, ఆ చోటున చనిపోయిన వృద్ధుని ముఖమును అతికించెను. అధిపతి ఆ వంక చూడక కిటికీలో కాకిని పరిశీలించెను. పేజీ కిందికి పోయెను.

మరునాడు మైదానమున సెక్రటరీ పత్రికను కంటికి ఆనించి చదివెను.

“ఇంత చిన్నగా వేశారేంటి సార్. వీటికంటే చీమలే పెద్దవి.”

“చదువు.”

“కరెక్షన్ అనే ఉంది. సరే, మీ కుర్చీ మీది. మరి మౌనం పాటించాలని తీర్మానం అయిపోయింది, దాన్నేం చేద్దాం?”

“పాటిద్దాం. పోయినాయనకి,” అనెను రిఫరీ. ఆయన మైదానము నడుమ నిలిచి విజిల్ ఊదగా, ఇరుజట్లును, జనమంతయు లేచి నిలిచిరి. ఆ మౌనమున తన గొంతు వినిపించకుండ భార్య నోటికి చెంగు అడ్డము పెట్టుకొనెను. వార్త వచ్చిన రెండు దినములకు, అప్పుడు ఆమెకు ఏడుపు వచ్చెను.

తప్పు ఒప్పుకొనుట మన పత్రిక సంప్రదాయమని అధిపతి ఆ సాయంత్రమే కొత్త విలేకరులకు పాఠము చెప్పెనట. చెప్పనిండు. జయము ఎవరిదో వినుడు: అప్‌డేటును దాటి, రివైజును గెలిచి, మోడిఫై, ఆల్టర్, అమెండ్‌లను మట్టికరపించి, ఎమెండును దాని సొంత కత్తితోనే పొడిచి, ‘కరెక్షన్’ అను పదము ఆ పత్రికలో తొలిసారి, వాతావరణమునకు దిగువను, తప్పిపోయిన కుక్కపిల్ల ప్రకటనకు ఎగువను, వేలిగోరంత నేలపై తన జెండా పాతెను.