సుస్మిత మొక్కు

కోరుట్లలో ఆ ఆదివారం జ్యోతి అనుకున్న పని ఒక్కటే: పొద్దున్నే నాలుగు దోసెలు పెట్టి, కూతురు సుస్మితను పదో తరగతి లెక్కల ముందు కూర్చోబెట్టడం. సుస్మిత మాత్రం అద్దం ముందు కూర్చుంది. ఫోన్‌లో ఎవరో అమ్మాయి నుదుటి మీద జుట్టు కత్తిరించుకుని మెరిసిపోతోంది. పదిహేనేళ్ల వయసులో చెయ్యి ముందు ఉరుకుతుంది, ఆలోచన చెప్పులు వేసుకుని నిదానంగా వెనకాల వస్తుంది. కత్తెర ఆడించేసరికి కుడివైపు జుట్టు పొట్టిదైంది. సరిచేయబోతే ఎడమవైపు అంతకన్నా పొట్టిదైంది.

"ఏందే గిది!" గుమ్మంలో జ్యోతి, చేతిలో అట్లకాడ.

"మొక్కమ్మా!" అనేసింది సుస్మిత. ఆ మాట తన నోట్లోంచే వచ్చిందని తనకూ అప్పుడే తెలిసింది. "దుబాయిల బాపు మంచిగుండాలని కొండగట్టు అంజన్నకు మొక్కుకున్న."

జ్యోతి అట్లకాడ పడేసి కూతుర్ని వాటేసుకుని ఏడ్చింది. అయ్యో, అప్పుడే నిజం చెప్పేస్తే ఎంత బాగుండేది! కానీ తల్లి అంత ప్రేమగా పట్టుకుంటే చెప్పే నోరు ఎవరికుంటుంది?

ఏడుపు విని నానమ్మ లింగవ్వ వచ్చింది.

"ఆడిపిల్లకు గుడికాడ మూడు కత్తెరలిస్తె సరిపోతుండె. ఇంట్ల కోసి తప్పు చేసినవు బిడ్డా. గిప్పుడు గుండు ఇయ్యాలె."

సుస్మిత ప్రాణం పోయినంత పనైంది. ఎల్లుండే బడిలో ఫేర్‌వెల్. జ్యోతి అప్పటికే దుబాయికి వీడియో కాల్ చేసింది. "నా బిడ్డ నాకోసం జుట్టిస్తున్నదా!" అని నరేందర్ కళ్లు తుడుచుకుని, "మళ్ల చేస్త" అంటూ ఫోన్ పెట్టేశాడు.

ఆటో జగిత్యాల దాటి కొండగట్టు చేరింది. తలనీలాలు ఇచ్చే చోట నెత్తిన నీళ్లు పడగానే సుస్మిత బోరుమంది.

"మొక్కు లేదు, ఏం లేదు! వీడియో చూసి కోసుకున్న. నువ్వు తిడ్తవని అబద్ధం చెప్పిన. నన్ను కొట్టమ్మా, గుండు మాత్రం అద్దు!"

జ్యోతి చెయ్యి లేచింది. కానీ ఆ ఎగుడుదిగుడు జుట్టు, దాని కింద ఏడుపు మొహం చూసి కొట్టలేకపోయింది. కొంగుతో తల తుడిచింది.

"గింతదానికి గింత దూరం తెచ్చినవు గదనే!"

"చిన్నపిల్ల, పోనీ తియ్యి," అంది లింగవ్వ. "వయసచ్చినంక ఆగుడు అదే నేర్చుకుంటది."

అప్పుడే జ్యోతి ఫోన్ మోగింది. తెర మీద నరేందర్ నవ్వుతున్నాడు. బిడ్డ ఒక్కతే ఇవ్వడమేమిటని, గది పక్కనున్న సెలూన్‌కు ఉరికి, నున్నగా గుండు చేయించుకుని మరీ నవ్వుతున్నాడు.

నరేందర్‌కు వచ్చే నెల నలభై నాలుగేళ్లు నిండుతాయి.