వెనక టైరు మంజూరు

చక్రాన్ని కనిపెట్టడం మనిషి సాధించిన మొదటి ఘనకార్యం. ఆ చక్రానికి టైరు మార్చే పద్ధతిని ఖరారు చేయడం చివరిది, నీటి సరఫరా శాఖలో దాని మీద ఇంకా పని జరుగుతోంది. చక్రం కనిపెట్టినవాడు అదృష్టవంతుడు. అప్పటికి శాఖలు లేవు.

ఆ శాఖలో ఇంటింటికీ తిరిగి నీటి మీటర్లు చూసి రాసుకునే ఉద్యోగి ఒకాయన ఉన్నాడు. ఊరంతా ఆయన్ని మీటర్లాయన అనే పిలుస్తారు. శాఖవారిచ్చిన మోటార్‌సైకిల్ మీద తిరుగుతాడు. దాని వెనక టైరు అరిగి అరిగి గుండులా నున్నబడింది. ఎండ కాసినన్నాళ్ళూ పర్వాలేదు. చినుకు పడితే మాత్రం పల్లం వీధిలో బండి తన దారిన తాను పోయేది, మీటర్లాయన రెండు కాళ్ళూ నేలకు ఆనించి దానికి అడ్డు చెప్పకుండా వెంట పోయేవాడు. (వీధి వాలు సరిచేయాలనే ప్రతిపాదన కూడా ఉంది. అది వేరే శాఖ.)

ఆయన ఇంట్లో ఈ సంగతి చెప్పలేదు. చెప్పుల మడమలు అరిగిపోవడం చూసి భార్యే కనిపెట్టింది.

"కాళ్ళతో బ్రేకులేస్తున్నారా ఏంటి?"

"అప్పుడప్పుడు."

"టైరు మార్పించుకోకూడదూ? ప్రాణాల మీదకి తెచ్చుకుంటారా?"

టైర్ల కొట్టు బాబాయి కూడా అదే అన్నాడు. అరిగిన టైరును బొటనవేలితో ఒక్కసారి రాసి చూసి, గోడకి వేలాడుతున్న ఒక కొత్త టైరు దించాడు. "తడి రోడ్డుకి ఇది వేసుకో అబ్బాయ్. గాడులు లోతుగా ఉన్నాయి, నీళ్ళు పక్కకి పోతాయి. నువ్వు టీ తాగొచ్చేలోపు బిగించేస్తా."

లోకం ఇంత తేలిగ్గా ఉంటే శాఖలెందుకు? సొంతంగా టైరు వేయించుకోవడం శాఖ ఆస్తిలో అనధికారిక మార్పు కిందకి వస్తుంది. పూర్వం ఒక ఉద్యోగి బండి అద్దం పగిలితే తనే కొత్తది పెట్టించుకున్నాడు. పాత అద్దం ముక్కలు ఎక్కడున్నాయో తెలపమని ఆయన రిటైరయ్యాక కూడా శాఖ అడుగుతూనే ఉంది.

కనుక మీటర్లాయన పద్ధతి ప్రకారం వెళ్ళాడు. పద్ధతి ఫోన్‌లో ఉంటుంది. టైరు గాడిలో కొలబద్ద నిలబెట్టి ఫొటో తీసి యాప్‌లో పెట్టాలి. ఆయన టైరుకి గాడే లేదు కాబట్టి కొలబద్ద నిలబడలేదు. పడుకోబెట్టి తీశాడు. 'ఇది టైరు కాదు' అంది యాప్. వెలుతురులోకి తెచ్చి తీశాడు. 'ఇది టైరు కాదు. శాఖ సమయం వృథా చేయకండి' అంది.

"ఏదో ఒక టైరు ఫొటో పెట్టన్నా," అని ఆఫీసు గుమస్తా ఉపాయం చెప్పాడు. "ముందు అది టైరని యాప్ ఒప్పుకుంటే, మిగతాది లోపల మాట్లాడుకోవచ్చు."

గుమస్తా మంచివాడు. మీటర్లాయన అంతకన్నా మంచివాడు. నేరుగా కొట్టుకెళ్ళి, బాబాయి దించిన ఆ కొత్త టైరునే ఫొటో తీసి పెట్టాడు. యాప్ వెంటనే మెత్తబడింది. 'మీ టైరు అద్భుతంగా ఉంది. అభినందనలు!' అని తెర నిండా పూలు చల్లింది.

ఇక మిగిలింది టైర్ల ఎంపిక అధికారి. శాఖలోని బండ్లన్నిటికీ టైర్లు ఎంచేది ఆయనే. (నిష్పాక్షికంగా ఉండడం కోసం ఆయన మోటార్‌సైకిల్ తోలడం నేర్చుకోలేదు.) మీటర్లాయన బండిని తోసుకుంటూ తీసుకెళ్ళి ఆయన కిటికీ కింద నిలబెట్టాడు. అధికారి దిగివచ్చి, వంగి, టైరుని నిదానంగా నిమిరాడు.

"ఇది పూర్తిగా అరిగిపోయింది కదయ్యా!"

"అదే సార్ నేను చెప్పేది." మీటర్లాయనకి ప్రాణం లేచొచ్చింది.

"రికార్డులో మాత్రం అద్భుతంగా ఉంది. ఆ టైరేం చేశావ్?"

"ఆ టైరు కొట్టులో ఉంది సార్."

"కొట్టుకి ఎప్పుడు అమ్మావ్?"

ఆ రోజే విచారణ మొదలైంది. అయితే అధికారి ధర్మం తప్పే మనిషి కాదు. విచారణ విచారణే, ఎంపిక ఎంపికే అని టైర్ల పట్టిక కూడా ముందు పెట్టాడు. అందులో ఇసుక నేలకొకటి, మంచు నేలకొకటి, పందేలకొకటి ఉన్నాయి.

"మామూలు రోడ్డుకి లేదా సార్?"

"మామూలు రోడ్డంటే ఏమిటో తేల్చడానికి ఉపసంఘం వేశాం. వాళ్ళింకా రోడ్డెక్కలేదు."

ఉపసంఘం కన్నా ముందు వాన వచ్చింది. పల్లం వీధి సగంలో వెనక చక్రం పక్కకి జారి ముందు చక్రాన్ని దాటాలని చూసింది. బండి కాలవ గట్టుకి కొట్టుకుంది, మీటర్లాయన బండి కిందికి పోయాడు. ఎడమ చెయ్యి విరిగింది. ఆయనకి నొప్పికన్నా కోపం ఎక్కువ వచ్చింది. ఎవరి మీద కోప్పడాలో మాత్రం తెలియలేదు, ఎందుకంటే అందరూ ఆయనతో మర్యాదగానే మాట్లాడారు.

ఆసుపత్రికి అధికారి స్వయంగా వచ్చాడు.

"పాపం, దెబ్బ తగిలింది కాబట్టి విచారణ ఆపించాను. ఇంకో శుభవార్త కూడా ఉంది. ఒక్కో ప్రమాదానికి ఒక్కో మరమ్మతు మంజూరు చేసే అధికారం నాకుంది. చెయ్యా, టైరా? నీ ఇష్టం, నువ్వే ఎంచుకో."

"ఇందులో ఎంచేదేముందండీ? చెయ్యి అనండి," అంది భార్య.

మీటర్లాయన భార్య వైపు తిరిగాడు.

"చెయ్యి ఎలాగోలా అతుక్కుంటుందే. తగ్గాక మళ్ళీ ఎక్కాల్సింది ఆ బండే కదా. ఆ టైరుతో ఆ వీధిలోకి ఇక దిగలేను. నాకు భయంగా ఉంది."

ఆయన నోట ఆ మాట ఆవిడ ఎన్నడూ వినలేదు. మొగుడి మీద జాలీ, అధికారి మీద ఒళ్ళు మంటా ఒక్కసారే వచ్చాయి. అయినా మొగుడి నౌకరీ గుర్తొచ్చి, దుప్పటి సరిచేసి ఊరుకుంది.

"టైరు సార్," అన్నాడు మీటర్లాయన.

శాఖ అంత చురుగ్గా కదలడం ఎవరూ చూసి ఎరగరు. మర్నాడే బండికి కొత్త టైరు బిగించారు. సాయంత్రానికల్లా ఆసుపత్రికి ఉత్తర్వు చేరింది: 'సదరు ఉద్యోగి చేతికి మరమ్మతు అవసరం లేదని స్వయంగా తెలిపినందున, చెయ్యి బాగానే ఉన్నట్టు నమోదు చేయడమైనది. బండి సిద్ధంగా ఉన్నది. రేపు ఉదయం డ్యూటీలో చేరవలెను.'