ఆకుపచ్చ ఆఫీసరు

బ్రోన్విన్ టేట్ ఆ రోజు పొద్దున టీ తాగుతూనే కేసు తేల్చేసింది. వైమోకో ఏటి ఈతమడుగులో నీళ్ళు పాడయ్యాయి. పాడుచేసింది ఎగువన పాడి నడిపే డెస్ హాస్కిన్ ఆవులు. ఇక కావలసింది సాక్ష్యం, అది భోజనాల వేళకి దొరుకుతుంది. నేలా నీరూ గాలీ సముద్రతీరమూ కాపలా కాసే మా ప్రాంతీయ కౌన్సిల్‌లో అంత ధీమా ఉన్న ఆఫీసరు ఇంకొకరు లేరు. ఉంటే కౌన్సిల్ తట్టుకోలేదు కూడా.

మడుగు దగ్గర "నీళ్ళలో దిగరాదు" అని బోర్డు పెట్టేసరికి వేసవి సగం పాడైంది. పిల్లలు తువ్వాళ్ళు భుజాన వేసుకుని వచ్చి, బోర్డు చూసి, డెస్‌ని తిట్టుకుంటూ వెళ్ళిపోతున్నారు. కొట్టులో అతన్ని పలకరించే నాథుడు లేడు. పైగా వచ్చే వారం అతని పాడి అనుమతి కౌన్సిల్ ముందుకు వస్తోంది. పేడనీళ్ళు ఏట్లో కలుపుతున్నాడని తేలిందా, ఆవుల్ని అమ్ముకుని ఇంట్లో కూర్చోవలసిందే.

"చూడమ్మాయ్, నా షెడ్డు కడిగిన నీళ్ళు నా గుంటలోకే పోతాయి. ఏటికీ వాటికీ సంబంధం లేదు" అన్నాడు డెస్, గమ్‌బూట్లతో షెడ్డు ముందు నిలబడి.

"మరి షెడ్డునుంచి ఏట్లోకి వేసిన ఆ పాత గొట్టం మాటేమిటి?"

"మా నాన్న సిమెంటు పోసి మూసేశాడు. ఆ సిమెంటు కలిపిచ్చింది నేనే."

"అందరూ అలాగే అంటారు డెస్. ఇవాళ రంగే చెబుతుందిలెండి."

రంగు పరీక్ష మా కౌన్సిల్‌కి కొట్టిన పిండి. పొడి చూడటానికి ఇటుక రంగులో ఉంటుంది. నీరు తగిలిందా, కళ్ళు చెదిరే ఆకుపచ్చ. అనుమానం ఉన్న కాలవలో చిటికెడు పోసి ఏటి గట్టున నిలబడితే సరి. దొంగ దానంతట అదే బయటపడుతుంది. ఒక్కటే నియమం, పోసే ముందు, జనం ఫిర్యాదులు చేసే కౌన్సిల్ హాట్‌లైన్‌కి చెప్పాలి. లేకపోతే ఏరు పచ్చబడిందని జనం గగ్గోలు పెడతారు.

"హాట్‌లైన్‌కి చెప్పావా?" అని అడిగింది జతకి వచ్చిన మెరియానా.

"చిటికెడు రంగుకి చాటింపు ఎందుకే!" అంటూ బ్రోన్విన్ డబ్బా మూత లాగింది. రాలేదు. మోకాళ్ళ మధ్య బిగించి ఇంకా గట్టిగా లాగింది. ఈసారి మూత వచ్చింది. దాంతోపాటు సగం పొడి లేచి ఆమె జుట్టూ మొహమూ కోటూ అంతా పట్టేసింది. మిగతా సగం డెస్ షెడ్డు కాలవలో పడింది.

"ఇటుకబట్టీలో దొర్లి వచ్చినట్టున్నావే తల్లీ!" అని మెరియానా కడుపు పట్టుకుని నవ్వింది.

"నవ్వింది చాల్లే. బండెక్కు."

దిగువన మడుగు దగ్గరికి వెళ్ళి చూశారు. నీళ్ళు అద్దంలా ఉన్నాయి. ఎంతసేపు చూసినా అద్దంలాగే ఉన్నాయి. "వస్తుంది, ఎక్కడికి పోతుంది!" అని బ్రోన్విన్, ఈలోగా మొహం కడుక్కొస్తానని ఫోను బండిలో పడేసి, గట్టు మీదున్న స్నానాల గదివైపు నడిచింది. అక్కడ బయటే ఒక కుళాయి, ఒక షవరూ ఉన్నాయి. దోసెడు నీళ్ళు మొహాన చల్లుకుంది. మొహం పచ్చబడింది. గాభరాపడి ఇంకా చల్లుకుంది. ఇంకా పచ్చబడింది.

సరిగ్గా అప్పుడే రిటైరైన టీచరమ్మ ప్రూ లాథమ్ కుక్కని తిప్పుకుంటూ అటు వచ్చింది. చూసి, వెనక్కి తిరిగి, హాట్‌లైన్‌కి ఫోను చేసింది.

"ఏటి దగ్గర ఒకావిడ ఆకుపచ్చగా మారిపోయిందండీ. ఇంకా మారుతోంది."

హాట్‌లైన్ వాళ్ళు పద్ధతి ప్రకారం డ్యూటీలో ఉన్న ఆఫీసరుకి ఫోను చేశారు. ఆ వారం డ్యూటీ బ్రోన్విన్‌దే. ఫోను బండిలో మోగి మోగి ఊరుకుంది. ఆఫీసరు పలకలేదంటే ఆఫీసరే ప్రమాదంలో ఉన్నట్టు లెక్క. విషం లీకైందని కబురు వెళ్ళింది. పోలీసులు వచ్చి రోడ్డు మూసేశారు. పాల ట్యాంకరు డెస్ గేటు దాకా రాలేక నడిరోడ్డు మీద నిలిచిపోయింది. ఆ వెనకే తెల్ల ముసుగులు తొడుక్కున్న మనుషులు నలుగురు గట్టు మీదికి వచ్చారు.

"కదలకండి!"

"నేను బ్రోన్విన్‌నర్రా! మన బ్రోన్విన్‌ని!"

"తెలుసు. మాట్లాడకండి, విషం లోపలికి పోతుంది."

"అది విషం కాదర్రా, రంగు!" అని మెరియానా అరుస్తూనే ఉంది. ఆమెని పక్కకి లాక్కుపోయారు. బ్రోన్విన్‌ని షవరు కింద నిలబెట్టి కుళాయి తిప్పారు. కోటుతో సహా ఆమె ఒంటి మీదున్న పొడంతా ధారలు ధారలుగా కిందికి దిగింది.

ఈలోగా పెద్ద ఆఫీసరు గ్రాంట్ పావ్లీ వచ్చాడు. ట్యాంకరు సంగతి అడుగుదామని డెస్ కోపంగా వచ్చాడు. సగం ఊరు వచ్చింది. అందరూ చూస్తూండగా ఈతమడుగు ఒక పక్కనుంచి మెల్లగా ఆకుపచ్చబడింది.

"వచ్చింది! చూశారా, వచ్చింది!" అని షవరు కిందనుంచే కేకపెట్టింది బ్రోన్విన్. "డెస్ గొట్టమే! నేను చెప్పలా?"

ఊరంతా డెస్ వైపు తిరిగింది. పాపం, అతని మొహంలో నెత్తురు లేదు. తండ్రి మీదా సిమెంటు మీదా ఉన్న నమ్మకం ఆ క్షణాన సడలింది. ఆవులు పోయినట్టేనని అనుకుని, ఉన్నచోటే గడ్డిలో కూలబడ్డాడు.

మెరియానా మాత్రం ఏటి ఎగువకేసి చూస్తోంది. అక్కడ నీళ్ళు ఇంకా అద్దంలాగే ఉన్నాయి.

"బ్రోన్, ఆ షవరు కట్టెయ్."

కట్టేసింది. కాసేపటికి మడుగులో పచ్చదనం పలచబడింది.

"ఇప్పుడు తిప్పు."

తిప్పింది. గట్టు కిందనుంచి పచ్చటి నీళ్ళు మళ్ళీ బుసబుసా పొంగాయి.

"ఈ స్నానాల గది... దీని మరుగుదొడ్డి మురుగు చేరే ఆ పగిలిన తొట్టీ... ఎవరివి?" అన్నాడు గ్రాంట్ పావ్లీ, జవాబు తెలిసినవాడి గొంతుతో.

"మనవే" అంది బ్రోన్విన్.

డెస్ లేచాడు. నవ్వు ఆగడం లేదు, కళ్ళు తుడుచుకోవడమూ ఆగడం లేదు. "నా గుంట చూద్దురు రండర్రా! నిండా పచ్చ! చుక్క బయటికి పోలేదు! నాన్నా, బతికించావయ్యా!"

బ్రోన్విన్ నీళ్ళోడుతూ వెళ్ళి అతని చెయ్యి పట్టుకుంది. "తప్పు నాదే డెస్. ఊరందరి ముందూ చెబుతున్నా." ఆ మాట మనసారా అంది. అని, వెంటనే గ్రాంట్ వైపు తిరిగి, "అయినా సాక్ష్యం భోజనాల వేళకి దొరుకుతుందన్నానా లేదా?" అంది.

డెస్ చేతికీ పచ్చరంగు అంటుకుంది. అతను తుడుచుకోలేదు. ఆ చెయ్యి ఊపుకుంటూ కొట్టుకి వెళితే అందరూ పలకరించారు. మరుసటి వారం అతని అనుమతి గడబిడ లేకుండా వచ్చేసింది. స్నానాల గదికి తాళం పడింది. మడుగు పాడుచేసినందుకు కౌన్సిల్ మీద చర్య తీసుకోవాలా వద్దా అన్న విషయాన్ని కౌన్సిల్ ప్రస్తుతం నిష్పక్షపాతంగా పరిశీలిస్తోంది.