కంట్రోలరుగారి కొత్త దవడ

ఆపరేషను తర్వాత మొదటిసారి బస్సు డిపోకు బయలుదేరుతూ కంట్రోలరుగారు వేసుకున్న పథకం చిన్నదే. నోరు మెదపకుండా కూర్చుని, మర్నాటి డ్యూటీ చార్టు రాసి, ఇంటికి రావడం. మర్నాడు పొద్దున్నే పెద్దాఫీసరు తనిఖీకి వస్తున్నారు. బస్సులన్నీ వేళకు కదిలితే, ఖాళీగా ఉన్న డిపో మేనేజరు కుర్చీ కంట్రోలరుగారిదే.

"దవడలు బిగించిన రబ్బరు బ్యాండ్లు ఇంకా తియ్యలేదు, నోరు తెరవకూడదు. ఎవరేం అడిగినా చూసి ఊరుకోండి," అంది భార్య, పల్చటి జావ సీసాలో పోస్తూ.

ఆయన కోపంగా చూశారు.

"ఎంత ముద్దుగా ఉన్నారో," అందావిడ. ఆ మాటను ఆయన అప్పుడే పట్టించుకుని ఉండాల్సింది.

నిజానికి సర్వీసు మొత్తంలో ఆయన ఎవరికీ "సెలవు లేదు" అని చెప్పి ఎరగరు. ఆ అవసరమే రాలేదు. కింది దవడ ముందుకు పొడుచుకొచ్చి, కింది పళ్లు పై పళ్లను దాటి ఉండేవి. ఆయన తలెత్తి చూస్తే చాలు, సెలవడగబోయినవాడు "మంచినీళ్ల కోసం వచ్చాను సార్" అని జారుకునేవాడు. సరిగా నమలలేక ఆపరేషను చేయించుకున్నారు. డాక్టరు దవడను కోసి వెనక్కి జరిపి బిగించేసరికి మొహమే మారిపోయింది. వాపు తగ్గని బుగ్గలతో, కడుపు నిండిన పసివాడిలా ఎప్పుడూ నవ్వుతున్నట్టే ఉంది.

ముందుగా లావుపాటి డ్రైవరు వచ్చాడు. "రేపు మా బావమరిది ఇల్లు మారుతున్నాడు సార్. సామాన్లు మొయ్యాలి. సెలవు..."

కంట్రోలరుగారు తలెత్తి, తన అనుభవమంతా రంగరించి చూశారు.

"మౌనం అర్ధాంగీకారమంటారు. మీరు నవ్వుతున్నారు కూడా. అంటే మిగతా సగం కూడా అయిపోయినట్టే. మీది వెన్నలాంటి మనసు సార్," అని దణ్ణం పెట్టి వెళ్లాడతను.

వెనక్కి పిలవాల్సిందే. కానీ ఇన్నేళ్లలో ఆయన మనసు గురించి డిపోలో ఎవరూ మంచిమాట అనలేదు. లోపల ఎక్కడో హాయిగా అనిపించింది. పోనీలే, ఒక్కడే కదా అనుకున్నారు.

మధ్యాహ్నానికల్లా గుమ్మం ముందు బారు తయారైంది. ఒక కండక్టరమ్మ తల్లికి కళ్లాపరేషను. ఒక మెకానిక్కుకు కారణమే లేదు. "ఊరికే పడుకోవాలనుంది సార్," అన్నాడు. కంట్రోలరుగారు ఒళ్లు మండి లేచి నిలబడ్డారు. "లేచి మరీ దీవిస్తున్నారు," అంటూ వాడు కాళ్లకు దణ్ణం పెట్టాడు. గత్యంతరం లేక ఆయన "సెలవులు లేవు" అని కాగితం మీద రాసి తలుపుకు అంటించారు. వచ్చినవాళ్లు కాగితం చదివి, ఆయన మొహం చూసి, "సారుకి హాస్యం కూడా వచ్చిందే" అని మెచ్చుకున్నారు.

తెల్లారింది. ఆవరణ నిండా బస్సులున్నాయి, నడిపేవాళ్లు లేరు. పెద్దాఫీసరు కారు దిగేసరికి ప్రయాణికులు అరుచుకుంటూ గదిలోకి జొరబడ్డారు. కుర్చీ పోయినట్టేనని కంట్రోలరుగారికి అర్థమైంది. మొహం మాత్రం నవ్వుతూనే ఉంది.

ముందున్న ముసలాయన ఆ మొహం చూసి గొంతు తగ్గించాడు. "పాపం, ఈయన మాత్రం ఏం చేస్తాడు. అంత ఓపిగ్గా వింటుంటే అరవడానికి మనకే సిగ్గుండాలి." మిగతావాళ్లు ఒక్కొక్కరే బెంచీల మీద కూర్చున్నారు. ఒకావిడ తన కోడలి సంగతులు కూడా చెప్పుకుంది.

పెద్దాఫీసరు అంతా గమనించారు. "ఇంత నిబ్బరం నేనెక్కడా చూళ్లేదు. నీకీ మేనేజరు కుర్చీ దండగయ్యా."

కంట్రోలరుగారు బల్ల మీది డ్యూటీ చార్టు మడిచి పెట్టేశారు.

"పెద్దాఫీసుకొచ్చెయ్. ఫిర్యాదుల విభాగానికి అధికారివి నువ్వే."

ఆయన హడలిపోయి చూశారు. "సరేలే, మరీ అంత సంతోషపడకు," అన్నారు పెద్దాఫీసరు.

ఆయన చేరాక ఆ విభాగంలో ఇంతవరకూ ఒక్క ఫిర్యాదూ తీరలేదు; అసంతృప్తితో వెళ్లినవాళ్లూ లేరు.